పరాయి కళ్ళకు మన జెండా ఎలా కనిపిస్తుంది?

చిరిగి, రంగు వెలిసిపోయిన జాతీయ జెండాను ఏం చేయాలి? భారత పతాక నియమావళి చెప్పే జవాబు మొదటిసారి విన్నవాళ్ళకు వింతగా తోస్తుంది. నలుగురి కంటా పడకుండా, ముక్కలు చేయకుండా మొత్తం జెండాను ఒకేసారి, వీలైతే కాల్చి, మర్యాదగా నాశనం చేయాలి. అమెరికా పతాక నియమావళి చెప్పేదీ దాదాపు ఇదే. అక్కడ ఏటా జూన్ 14న జెండా దినం జరుపుకుంటారు. మాజీ సైనికుల సంఘాలు ఊళ్ళో పాతబడిన జెండాలన్నీ పోగుచేసి, వరుసగా నిలబడి వందనం చేసి దహనం చేస్తాయి. అదే గుడ్డ, అదే నిప్పు నడివీధిలో నినాదాల మధ్య కనబడితే మాత్రం అర్థం తలకిందులైపోతుంది.

ఈ రెండో రకం దహనాన్ని దేశాలు ఒకే కంటితో చూడవు. భారతదేశంలో 1971 నాటి జాతీయ గౌరవ అవమాన నిరోధక చట్టం కింద మూడేళ్ళ వరకు జైలుశిక్ష పడవచ్చు. అమెరికాలో 1989లో టెక్సస్ వర్సెస్ జాన్సన్ కేసులో సుప్రీంకోర్టు 5–4 తేడాతో దాన్ని రాజ్యాంగం కాపాడే భావప్రకటనగా తేల్చింది. డెన్మార్క్ సంగతి ఇంకా ఆశ్చర్యం. అక్కడ సొంత జెండా కాలిస్తే నేరం కాదు, పరాయి దేశపు జెండా కాలిస్తే నేరం. ఇంట్లోవాళ్ళ కోపం ఇంట్లోనే తేల్చుకోవచ్చు, పొరుగువాడితో తగాదా మాత్రం దేశం మెడకు చుట్టుకుంటుందని దాని వెనక ఉన్న తర్కం.

దేశభక్తి మనసులో ఉంటుంది. బయటివాళ్ళకు కనబడేది చేతలు మాత్రమే. ఆ చేతలను వాళ్ళు మన చరిత్రతో చదవరు, తమ చరిత్రతో చదువుతారు. హైదరాబాద్ నుంచి వెళ్ళిన ఇంజనీరుకు డాలస్‌లో కార్ల దుకాణం ముందు ఎగిరే పెద్ద జెండా ముచ్చటగా కనిపించవచ్చు. అదే జెండా కింద నిలబడిన జర్మన్ సహోద్యోగికి కాస్త ఇబ్బందిగా ఉండవచ్చు. ఇద్దరిలో ఎవరి దేశభక్తీ తక్కువ కాదు. వాళ్ళ ఊళ్ళలో జెండాల వెనక ఏం నడిచిందన్నదే తేడా.

జర్మనీని దగ్గరగా చూస్తే ఇది బాగా తెలుస్తుంది. నలుపు, ఎరుపు, బంగారు రంగుల జెండా నాజీలది కాదు. అది 1848 నాటి ప్రజాస్వామ్యవాదులది, ఆ తర్వాత మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక ఏర్పడిన వైమార్ గణతంత్రానిది. నాజీలు 1933లో అధికారానికి రాగానే దాన్ని తీసేశారు. అయినా 1945 తర్వాత కొన్ని తరాల జర్మన్లకు ఏ జెండా ఊపాలన్నా చెయ్యి ఆడలేదు. ఎందుకంటే బరువు ఆ గుడ్డది కాదు, అందరూ కలిసి ఊపడం అనే చర్యది. 2006 జూన్ 9 నుంచి జూలై 9 దాకా ఫుట్‌బాల్ ప్రపంచకప్ అక్కడ జరిగినప్పుడు కార్ల కిటికీలకు, బాల్కనీలకు ఒక్కసారిగా జెండాలు మొలిచాయి. విదేశాల నుంచి వచ్చిన అభిమానులకు అందులో వింతేమీ తోచలేదు, వాళ్ళ ఊళ్ళలో ఎప్పుడూ ఉండేదే. ఇది మంచిదా కాదా అని వారాల తరబడి చర్చించుకున్నది జర్మన్లే.

జాతీయ గీతం విషయంలోనూ అంతే జాగ్రత్త. పాత గీతంలోని మూడో చరణం మాత్రమే జాతీయ గీతమని 1991లో అధ్యక్షుడు వైట్సేకర్, చాన్సలర్ కోల్ లేఖల ద్వారా ఖాయం చేసుకున్నారు. మొదటి చరణంలోని 'అన్నిటికన్నా మిన్న' అనే ధోరణికి నాజీల కాలపు మరక అంటుకుంది. ఇది తెలియకపోతే ఏమవుతుందో 2017 ఫిబ్రవరిలో హవాయిలో జరిగిన ఫెడ్ కప్ టెన్నిస్ పోటీలో బయటపడింది. ఆతిథ్యమిచ్చిన అమెరికా తరఫున గాయకుడు గౌరవంగానే పాడాడు, కానీ పాడింది మొదటి చరణం. జర్మన్ క్రీడాకారిణులు అవమానంగా భావించారు, అమెరికా టెన్నిస్ సంఘం క్షమాపణ చెప్పింది. అక్కడ చెడ్డ ఉద్దేశం ఎవరికీ లేదు. ఆ చరణం వెనకున్న కథ తెలియదు, అంతే.

మరి జర్మన్లకు గర్వపడటానికి ఏమీ లేదా అంటే, ఉంది. రాజనీతి పండితుడు డోల్ఫ్ స్టెర్న్‌బెర్గర్ 1979లో 'రాజ్యాంగ దేశభక్తి' అనే మాటను ముందుకు తెచ్చాడు, తత్వవేత్త హాబర్‌మాస్ తర్వాత దాన్ని విస్తరించాడు. నేల మీదా రక్తం మీదా కాకుండా, హక్కులు ఇచ్చిన రాజ్యాంగం మీద మమకారం పెంచుకోవడం దాని సారం. అక్టోబర్ 3న వచ్చే ఐక్యతా దినాన బెర్లిన్‌లో ట్యాంకుల కవాతు కోసం చూసేవాళ్ళకు నిరాశే మిగులుతుంది. ప్రధాన వేడుక ఏటా ఒక్కో రాష్ట్రంలో జరుగుతుంది. రాష్ట్రాల సభకు ఆ ఏడాది ఏ రాష్ట్రం అధ్యక్షత వహిస్తుంటే ఆ రాష్ట్రానికి ఆ వంతు వస్తుంది.

జపాన్ జెండాది ఇంకో చిక్కు. తెల్లని గుడ్డ మీద ఎర్రని సూర్యబింబాన్ని శతాబ్దానికి పైగా వాడుతూ వచ్చినా, దాన్ని జాతీయ పతాకంగా గుర్తించే చట్టం 1999 ఆగస్టు 13 దాకా అమల్లోకి రాలేదు. 2003లో టోక్యో విద్యాశాఖ బడి వేడుకల్లో ఉపాధ్యాయులు జెండాకు ఎదురుగా లేచి నిలబడి గీతం పాడాలని ఆదేశించింది. యుద్ధకాలపు జ్ఞాపకంతో నిలబడటానికి ఒప్పుకోని వందలమంది మీద క్రమశిక్షణ చర్యలు తీసుకున్నారు. ఇదంతా ఇంటిలోపలి తగవు. బయటి తగవు కిరణాల జెండాతో వస్తుంది. సూర్యుడి నుంచి పదహారు కిరణాలు చిమ్మే ఆ జెండా జపాన్ నౌకాదళానికి మామూలు గుర్తు. కొరియన్ల కంటికి అది 1910 నుంచి 1945 దాకా తమను ఏలిన వలస పాలన. 2018 అక్టోబర్‌లో దక్షిణ కొరియాలోని జెజు దీవి దగ్గర అంతర్జాతీయ నౌకా సమీక్ష జరిగింది. జాతీయ జెండాలే కట్టుకుని రమ్మని ఆతిథ్య దేశం కోరింది. జపాన్ ఓడను పంపడమే మానుకుంది. రెండు దేశాలూ ఒక్క గుడ్డనే చూశాయి. ఒకరికి అది నావికుడి గౌరవం, ఇంకొకరికి తాతముత్తాతల గాయం.

నార్వేకు వెళ్తే గాలే మారిపోతుంది. మే 17న అక్కడ వీధుల్లో నడిచేది సైనికులు కాదు, బడిపిల్లలు. ఆస్లోలో రాజప్రాసాదం ముందు నుంచి పాఠశాలల వారీగా బ్యాండ్లతో సాగిపోతుంటే రాజకుటుంబం బాల్కనీలో నిలబడి చేతులు ఊపుతుంది. ప్రతి చేతిలో జెండా ఉంటుంది, అయినా చూసే విదేశీయుడికి భయం కలగదు. కారణం చరిత్రలోనే ఉంది. 1814 నాటి రాజ్యాంగానికి అది పుట్టినరోజు. 1905 దాకా స్వీడన్‌తో ఒకే రాజు కింద ఉన్నప్పుడు ఆ రోజును జరుపుకోవడమే స్వాతంత్ర్య కాంక్షగా ఉండేది. 1940–45 మధ్య జర్మన్ ఆక్రమణలో ఆ వేడుక నిషిద్ధం. అలా ఆ జెండా ఎవరి మీదా దండెత్తిన గుర్తుగా మిగల్లేదు, తిరిగి దక్కిన ఇంటి తాళంచెవిలా మిగిలింది. పక్కనున్న డెన్మార్క్‌లో జెండా పుట్టినరోజు కేకు మీదా, క్రిస్మస్ చెట్టు దండల్లోనూ కనిపిస్తుంది. విమానం దిగే చుట్టాన్ని పలకరించడానికీ చిన్న చిన్న జెండాలు పట్టుకొస్తారు. ఇంత తేలికగా వాడుకునే దేశంలోనే, స్తంభం మీద పరాయి దేశాల జెండా ఎగరేయడానికి చట్టపరమైన ఆంక్షలు ఉన్నాయి. అక్కడ స్థిరపడిన భారతీయులు పెరట్లో స్తంభం పాతే ముందు ఇది తెలుసుకోవాలి.

మన జెండా ఈ వరుసలో నార్వేకు దగ్గర. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల సమయంలో పింగళి వెంకయ్య గాంధీజీకి నమూనా అందించిన నాటి నుంచి, 1947 జూలై 22న రాజ్యాంగ సభ ప్రస్తుత రూపాన్ని ఆమోదించే దాకా, ఆ జెండా ఎత్తడమంటే లాఠీకి ఎదురునిలవడం. అందుకే భారతీయుడికి జెండా చూస్తే బెరుకు పుట్టదు, గుండె ఉప్పొంగుతుంది. ఈ ఉప్పొంగడం నిజమైనదే. అయితే ఆ కథ మనకు తెలిసినంతగా ఎదుటివాడికి తెలియదు. మన చేతిలోని జెండాను అతను మన 1921తో చదవడు, తన 1933తోనో 1910తోనో చదువుతాడు. చాలా అపార్థాలు పుట్టేది ఇక్కడే.

బలవంతం ఉందా లేదా అన్నది బయటివాళ్ళు గమనించే ఇంకో సంగతి. రోజూ పొద్దున బడిపిల్లలు నిలబడి ప్రతిజ్ఞ చెప్పడం తెలుగువాళ్ళకు ఎంత మామూలంటే, అమెరికాలో తమ పిల్లలు అదే పని చేస్తే ఆశ్చర్యమే కలగదు. యూరప్ నుంచి వచ్చిన తల్లిదండ్రుల్లో చాలామందికి మాత్రం ఆ దృశ్యం ఉలికిపాటు. మన ప్రతిజ్ఞ రాసింది నల్లగొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు. విశాఖపట్నంలో ఖజానా అధికారిగా ఉండగా 1962లో తెలుగులో రాశారు. 1965 జనవరి 26 నుంచి అది దేశమంతటా బడుల్లోకి వచ్చింది. అమెరికా ప్రతిజ్ఞను 1892లో ఫ్రాన్సిస్ బెల్లమీ రాశాడు, దేవుడి ప్రస్తావన 1954లో చేరింది. ఆ ప్రతిజ్ఞ చెప్పేటప్పుడు మొదట్లో కుడి చేతిని జెండా వైపు చాచేవారు. నాజీ వందనాన్ని పోలి ఉందని 1942లో దాన్ని మార్చి చేతిని గుండె మీదికి తెచ్చారు. చెయ్యి అదే, మాటలవే. చూసే లోకం మారిపోవడంతో భంగిమ మార్చుకోక తప్పలేదు.

ఈ రెండు ప్రతిజ్ఞలకూ ఒక తేడా ఉంది. అమెరికా పిల్లలు జెండాకూ, అది సూచించే గణతంత్రానికీ విధేయత చెబుతారు. మన పిల్లలు తోటి భారతీయులతో చుట్టరికం కలుపుకుంటారు, బహువిధమైన వారసత్వాన్ని గర్వకారణంగా చెప్పుకుంటారు, పెద్దలనూ గురువులనూ గౌరవిస్తామంటారు. మన ప్రతిజ్ఞలో ఇంకో దేశం ఊసే లేదు, పోలిక లేదు. విదేశీ మిత్రులకు దాన్ని అనువదించి వినిపిస్తే సాధారణంగా వాళ్ళ ఉలికిపాటు తగ్గేది ఈ కారణంగానే.

పాల్గొనకుండా ఉండే హక్కు గురించి రెండు దేశాల అత్యున్నత న్యాయస్థానాలూ ఒకే దిక్కున నడిచాయి. అమెరికా సుప్రీంకోర్టు 1943లో బార్నెట్ కేసులో, పిల్లలతో జెండా వందనం బలవంతంగా చేయించకూడదంది. యుద్ధం ఉధృతంగా సాగుతున్న రోజుల్లో వచ్చిన తీర్పు అది. భారత సుప్రీంకోర్టు 1986లో బిజో ఇమ్మానుయేల్ కేసులో, గీతం పాడకపోయినా గౌరవంగా నిలబడిన కేరళ పిల్లలను బడి నుంచి తీసేయడం చెల్లదంది. సినిమాహాళ్ళలో జాతీయ గీతం తప్పనిసరి అని 2016 నవంబర్‌లో ఇచ్చిన ఉత్తర్వును 2018 జనవరిలో సవరించి ఐచ్ఛికం చేసింది. విదేశీ పాత్రికేయులు ఆ పదమూడు నెలల ఉత్తర్వు గురించి రాసినంతగా 1986 తీర్పు గురించి రాయరు. బయటికి ముందుగా వినిపించేది బలవంతపు కథే. పాడనివాడిని తోటివాళ్ళు ఎలా చూస్తారన్న దాన్ని బట్టే పాడినవాళ్ళ భక్తికి బయట విలువ కడతారు.

బయటివాళ్ళు గమనించే మూడో సంగతి, జెండా ఎవరి కోసం ఎగురుతోందన్నది. హైదరాబాద్ సంజీవయ్య పార్కులో 2016 జూన్ 2న ఎత్తిన 291 అడుగుల స్తంభం మన ఊరివాళ్ళు చూసుకోవడానికి. పాకిస్తాన్ సరిహద్దులోని అట్టారీ దగ్గర 2017 మార్చిలో ఎత్తిన 360 అడుగుల స్తంభం పొరుగువాడు చూడటానికి కూడా. అదే ఏడాది ఆగస్టులో పాకిస్తాన్ తన వైపు 400 అడుగులది నిలబెట్టింది. 2023లో మనం 418 అడుగులకు వెళ్ళాం. కొరియాల మధ్య సరిహద్దులో ఇలాంటి పోటీయే 1980లలో నడిచింది. దక్షిణాన దాదాపు 100 మీటర్ల స్తంభానికి జవాబుగా ఉత్తరాన 160 మీటర్లది లేచింది. సరిహద్దు కవాతులకూ స్తంభాలకూ వచ్చే పర్యాటకుల్లో విదేశీయులూ ఉంటారు. వాళ్ళకు అక్కడ కనిపించేది ప్రేమకన్నా పంతం.

ఈ పంతానికి భౌతికశాస్త్రం కూడా అడ్డు వస్తుంది. గాలి వేగం రెట్టింపైతే గుడ్డ మీద పడే ఒత్తిడి నాలుగింతలవుతుంది. స్తంభానికి దూరంగా ఉన్న అంచు కొరడాలా కొట్టుకుని ముందు అక్కడే దారాలు ఊడతాయి. అట్టారీలో జెండా పదేపదే చిరిగి, కొన్నాళ్ళు ఎగరేయడమే ఆపాల్సి వచ్చింది. గాలివాన సూచన రాగానే దించడం, అంచు ఊడటం మొదలవగానే కుట్టించడం, ఎప్పుడూ ఇంకో జెండా సిద్ధంగా ఉంచుకోవడం అనే మూడు పనులకు మనుషులూ డబ్బూ కేటాయించకుండా పెద్ద స్తంభం పాతకూడదు. అతి ఎత్తైన స్తంభం మీద చిరిగిన జెండా కన్నా, గుమ్మం ముందు ఉతికి ఇస్త్రీ చేసిన చిన్న జెండా వెయ్యి రెట్లు నయం.

గర్వం, ఆధిక్య భావం ఒకటి కాదని మనస్తత్వ పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్నారు. రిక్ కోస్టర్‌మన్, సేమూర్ ఫెష్‌బాక్ 1989లో ప్రచురించిన అధ్యయనంలో దేశం మీద ప్రేమనూ, దేశం మిగతావాటికన్నా పైన ఉండాలనే భావాన్నీ వేరువేరు కొలబద్దలతో కొలిచారు. ఒకటి ఎక్కువున్న మనిషిలో రెండోదీ ఎక్కువే ఉండాలని లేదు. వాడుక మాటల్లో చెప్పాలంటే, 'మా అమ్మ వంటంటే నాకు ప్రాణం' అంటే ఎవరూ నొచ్చుకోరు. 'మీ అమ్మకు వంట రాదు' అన్నప్పుడే విస్తరి ముందు నుంచి లేచిపోతారు. విదేశీయులతో మాట్లాడేటప్పుడు 'ప్రపంచంలోనే' అనే మాట పక్కనపెట్టి, ఆ స్థానంలో ఒక పని పేరు చెబితే వినేవాడి ముఖం విప్పారుతుంది. 2014లో అంగారకుడి కక్ష్యకు చేరిన నౌక కావచ్చు, కోట్లమందితో ఓటు వేయించే ఎన్నికల ఏర్పాటు కావచ్చు.

విదేశాల్లో ఆగస్టు 15 జరిపే సంఘాలకు ఇదంతా ఆచరణలో ఎదురవుతుంది. అక్కడ ఎక్కువగా దొర్లే పొరపాట్లు చాలా చిన్నవి, దిద్దుకోవడం తేలిక.

జెండా పొడవు, వెడల్పుల నిష్పత్తి 3:2. చవకగా అచ్చువేసిన జెండాల్లో చక్రానికి ఆకులు లెక్కకు తగ్గుతాయి. కొన్నిట్లో చక్రం స్థానంలో నారింజ రంగు చుక్క ఉంటుంది. అది ఆఫ్రికాలోని నైజర్ జెండా అని అక్కడున్న నైజర్ విద్యార్థికి వెంటనే తెలుస్తుంది, మనవాళ్ళకు తెలియదు. కొనే ముందు 24 ఆకులు లెక్కపెట్టుకోవాలి. గోడకు నిలువుగా వేలాడదీస్తే కాషాయం చూసేవాడికి ఎడమ వైపున రావాలి. వేదికల మీద ఎక్కువగా తప్పేది ఇదే. వెనక నిలబడి కట్టినవాళ్ళకు కుడి, ఎడమ తారుమారవుతాయి కాబట్టి ప్రేక్షకుల కుర్చీలోకి వెళ్ళి ఒకసారి చూసుకోవడం మేలు. జెండా మీద సంఘం పేరు, ప్రాయోజకుల పేరు అచ్చువేయకూడదు. బల్లకు గుడ్డగా పరచకూడదు. దుస్తుల మీద వాడితే నడుముకు పైనే ఉండాలి.

రెండు దేశాల జెండాలు పెట్టేటప్పుడు వేర్వేరు కర్రలకు, ఒకే ఎత్తున, దాదాపు ఒకే కొలతలో ఉండాలి. శాంతికాలంలో ఒక దేశపు జెండాను ఇంకో దేశపు జెండాకు పైన ఎగరేయడం అంతర్జాతీయ మర్యాద కాదని అమెరికా నియమావళే చెబుతుంది. ఒకే కర్రకు పైన ఒకటి, కింద ఒకటి కట్టడం రెండు దేశాల లెక్కలోనూ తప్పే. గౌరవస్థానం, అంటే జెండాకు కుడి పక్క, చూసేవాడికి ఎడమ పక్క, ఆతిథ్య దేశానికి వదిలేయాలి. మన నియమావళి ఆ స్థానాన్ని మన జెండాకే ఇస్తుంది, కానీ అది మన గడ్డ మీద. అతిథిగా ఉన్నచోట గృహస్థుడి జెండాకు పీట వేస్తే మన జెండాకు చిన్నతనం రాదు.

పూర్తి జాతీయ గీతానికి దాదాపు 52 సెకన్లు పడుతుంది. మన ఆచారం నిటారుగా, కదలకుండా నిలబడటం. అమెరికా గీతం వచ్చినప్పుడు అక్కడి పౌరులు కుడి చేయి గుండె మీద ఉంచుతారు. పౌరసత్వం లేని విద్యార్థి లేచి మౌనంగా నిలబడితే సరిపోతుంది. చేయి పెట్టలేదని అతన్నీ, పెట్టిందని ఇంకొకరినీ మనవాళ్ళే తప్పుపట్టడం సరికాదు.

సింగపూర్‌లో పరాయి దేశాల జాతీయ చిహ్నాల బహిరంగ ప్రదర్శన మీద 1949 నుంచి చట్టం ఉంది. మినహాయింపు లేకుండా ప్రదర్శిస్తే జరిమానా, జైలు కూడా పడవచ్చు. ఊరేగింపు ఆలోచన ఉంటే ముందు హైకమిషన్‌ను సంప్రదించాలి. సౌదీ అరేబియా జెండాతో ఇంకో జాగ్రత్త కావాలి. దాని మీద ఇస్లాం విశ్వాస వాక్యం ఉంది కనుక దాన్ని ఎప్పుడూ అవనతం చేయరు. స్నేహానికి గుర్తుగా రెండు దేశాల జెండాలతో టీషర్టులు, బంతులు, కాగితపు పళ్ళేలు అచ్చువేయడం అక్కడ అపచారమవుతుంది. 2007 ఆగస్టులో అఫ్గానిస్తాన్‌లోని ఖోస్త్‌లో అమెరికన్ సేనలు పిల్లల కోసం ఫుట్‌బాల్‌లు జారవిడిచాయి. వాటి మీద అనేక దేశాల జెండాలతోపాటు సౌదీ జెండా కూడా ఉంది. ఆ వాక్యాన్ని కాలితో తన్నమంటున్నారా అని జనం వీధుల్లోకి వచ్చారు.

వలస వచ్చినవాళ్ళ గర్వాన్ని ఆతిథ్య దేశం ఎప్పుడూ కొంత అనుమానంతో కొలుస్తుంది. 1990లో బ్రిటిష్ రాజకీయ నాయకుడు నార్మన్ టెబిట్, దక్షిణాసియా నుంచి వచ్చినవాళ్ళు క్రికెట్‌లో ఎవరికి జేజేలు కొడుతున్నారన్నదే విధేయతకు పరీక్ష అన్నాడు. అది అన్యాయమైన పరీక్ష. పుట్టింటి మీద మమకారం ఉన్న కోడలికి అత్తింటి మీద ప్రేమ లేదనడం లాంటిది. దానికి ఎదురు జవాబు ఊరేగింపులో గొంతు పెంచడం కాదు. 2022 ఆగస్టులో న్యూజెర్సీలోని ఎడిసన్‌లో జరిగిన స్వాతంత్ర్య దిన ఊరేగింపులో ఒక బుల్‌డోజర్ నడిచింది. భారతీయ ముస్లింల ఇళ్ళ కూల్చివేతలకు గుర్తుగా అది చాలామందిని గాయపరిచింది. స్థానిక నాయకులు ఖండించారు, నిర్వాహకులు క్షమాపణ చెప్పారు. ఆ రోజు వీధిలో ఉన్న జెండాలను ఆ తర్వాత పత్రికల్లో ఎవరూ చూడలేదు. ఆ ఒక్క యంత్రాన్నే చూశారు.

ఊరేగింపు ముగిశాక మిగిలే పని ఒకటుంది, దానికి ముందే మనుషులను పెట్టుకోవాలి. కాగితపు జెండాలను నేల మీద పారేయకూడదని, విడిగా మర్యాదగా విసర్జించాలని మన నియమావళి చెబుతుంది. దారి పొడవునా కొద్ది దూరానికొకటి చొప్పున 'జెండాలు ఇక్కడ వేయండి' అని రాసిన పెట్టెలు, వాటి పక్కన ఇద్దరేసి పిల్లలు, చివరి శకటం వెనక సంచులతో నడిచే జట్టు ఉంటే చాలు. మరునాడు పొద్దున తన గుమ్మం ముందు తొక్కుడుపడిన జెండా కనబడిన ఆ ఊరి మనిషికి, నిన్నటి నినాదాలు ఏ భాషలో వినిపించినా ఒకటే.